మా అత్త మొక్కు, నా కాళ్ళు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా మరిది కోడలు. ఫోనులో చెప్పి ఊరుకోవచ్చు, ఆ పిల్ల అలాంటిది కాదు. కర్నూలులో బస్సెక్కి కడపలో దిగి, మిట్టమధ్యాహ్నపు ఎండలో మా ఇంటిదాకా నడిచొచ్చి, నేనిచ్చిన మంచినీళ్ళు తాగకముందే సంచిలోంచి ఒక గుడ్డ మూట తీసి నా ఒళ్ళో పెట్టింది. "పెద్దత్తా, పాత వంటింటి మిద్దె దించుతాంటే ఇది పడె. దూలానికీ గోడకీ నడుమ సందులో పెట్టి, పైన మట్టి మెత్తినారు ఎవురో. కూలోళ్ళు నిధి నిధి అని ఒగటే గోల. ఇది దేవుని సొమ్మప్పా, చేతులు తీయండని నేనే తీసుకుంటి. ఏ దేవునిదో చెప్తే మా ఇంటాయన కార్లో పొయ్యి హుండీలో ఏసొస్తాడు, యాడికైనా సరే" అంది.

మూట పిడికిలంత ఉంది. పొగచూరి, మన్ను పట్టి నల్లబడిన పసుపు గుడ్డ. నా కళ్ళలో ఇప్పుడు పొరలున్నాయి గనుక చూసే ప్రయత్నం మానేసి వేలితో తడిమాను. దారంతో కుట్టిన గీతలు మూడు తగిలాయి. ముడి పైకి వచ్చేలా పట్టుకుని మళ్ళీ తడిమాను. అడ్డగీతలే. మా ఇంట్లో ఒకసారి జరిగిన పొరపాటు రెండోసారి జరగకూడదని ఇంకొకమారు కూడా తడిమాను. ఆ పిల్ల నా మొహం చూసి కంగారుపడి "ఏమాయె పెద్దత్తా?" అంది. "ఏం లేదమ్మా. మా అత్త నాకు ఒకే ఒక్క అబద్ధం చెప్పింది. అది ఇప్పుడు బయటపడింది" అన్నాను.

నా పుట్టిల్లు కడప వైపు. మా ఊళ్ళో ఆడపిల్లలకు బడి లేదు. మా నాయన అరుగు మీద ఇసుక పోసి నాకు అక్షరాలు దిద్దించాడు. ఇసుకలో రాసినవి గాలికి చెరిగిపోయేవి, ఆయన మళ్ళీ రాయించేవాడు. ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆ ఇసుక పుణ్యం. పదహారో ఏట నన్ను కోడుమూరుకు అవతల ఒక పల్లెకు ఇచ్చారు. ఆ ఇంటి ముందు సగంలో ఎద్దులు, వెనక సగంలో మనుషులు. మామ, అత్త, మామ తమ్ముళ్ళు, వాళ్ళ పిల్లలు, మరుదులు, పెళ్ళి కాని ఆడబిడ్డ. దేవుడి దయ వల్ల తిండికి లోటు లేదు, చోటుకే లోటు. నీళ్ళు పోసుకుంటుంటే తడిక అవతల నిలబడి ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని అడిగేవాళ్ళు. ఏడవాలనిపిస్తే ఉల్లిగడ్డలు తరిగే వేళ దాకా ఆపుకోవాలి. నా పేరు కూడా పెళ్ళితోనే పుట్టింట్లో ఉండిపోయింది. ఇక్కడ నేను పెద్దకోడల్ని, వదినను, పెద్దమ్మను, మా అత్తకైతే "ఏమ్మే"ని.

మా అత్త పొట్టి మనిషి, గొంతు మాత్రం దిబ్బల అవతలి చేనికి వినబడేది. నా మొదటి జొన్నరొట్టె పెనం మీద మూడు ముక్కలైనప్పుడు "మీ నాయన నీకు అక్షరాలు నేర్పిచ్చినాడు గానీ రొట్టె తట్టేది నేర్పీలేదేమ్మే? దీన్ని తినాల్నా, చదవాల్నా?" అంది. అందరూ నవ్వారు. ఆ సాయంత్రం ఎవరూ లేకుండా చూసి, నా చేతుల మీద తన చేతులు పెట్టి, పిండి ఎంత వేడినీళ్ళతో కలపాలో, ఎంత ఒత్తాలో నేర్పింది. ఆమె తిట్టేది నలుగురిలో, పెట్టేది చాటున.

మా వంటింటి దూలానికి పొయ్యి పొగలో రెండు ముడుపులు వేలాడుతుండేవి. ఒకటి నేను కాపురానికి రాకముందు నుంచీ ఉంది. అది అహోబిలం నరసింహస్వామిది. మా వైపు ఆయన్ను ఓబులేసు అంటారు. మా అత్తకు చదువు రాదు గనుక ఆ గుడ్డ మీద ఎర్రదారంతో మూడు నిలువుగీతలు కుట్టుకుంది, నామానికి గుర్తుగా. ఆ మొక్కు దేనికని ఒకసారి అడిగాను. "పొయ్యి చూడు, పప్పు పొంగుతాది" అంది. పప్పు పొంగడం లేదు.

రెండోది శ్రీశైలం మల్లయ్యది. దాని సంగతి నాకు తెలుసు. వానలు మొహం చాటేసిన ఒక ఏడు మా ఆయనకు విషజ్వరం వచ్చింది. మూడు వారాలు కన్ను తెరవలేదు. కర్నూలు నుంచి తీసుకొచ్చిన డాక్టరు మందిచ్చి, ఇక మన చేతుల్లో లేదన్నట్టు చేతులు కడుక్కున్నాడు. ఆ మధ్యాహ్నం మా అత్త మంచం పక్కన లేచి నిలబడి, తూర్పు గోడకేసి తిరిగి, పక్కింటాయనను పిలిచినట్టు పిలిచింది. "మల్లయ్యా! నా కొడుకు కండ్లు తెరిస్తే, ఉగాది లోపల నా కోడలు నీ కొండకు నడిచొస్తాది. తోడు లేకుండా, ఒంటిగా, సొంత కాళ్ళ మీద నడిచొచ్చి నీ ముడుపు నీకిస్తాది!" నేను తడిగుడ్డ పట్టుకుని అక్కడే కూర్చుని ఉన్నాను. కాళ్ళు నావి. నన్నడగాలని ఆమెకు తోచలేదు. అడగాల్సిందని నాకూ ఆ గడియలో తోచలేదు. ఆయన బతకడం తప్ప ఇంకేమీ తోచని గడియ అది.

మూడోనాడు ఆయన కళ్ళు తెరిచి మజ్జిగ అడిగారు. మా అత్త పసుపు గుడ్డలో వెండి మారేడాకు ఒకటి పెట్టి ముడి వేసి, ఈసారి మూడు అడ్డగీతలు కుట్టింది, విభూతిరేఖలకు గుర్తుగా. ఉగాది దగ్గరపడుతుంటే ఇంట్లో జగడం మొదలైంది. మా మామ నెమ్మదైన మనిషి, ఆ రోజు ఆయన కూడా గొంతు పెంచాడు. "ఆడకూతురు ఒంటిగా అడివిలో నడిచేదేందే? పులులుండాయి ఆడ. నీకు మతి ఉండాదా?" "నన్నడిగితే ఏమొస్తాది? మొక్కు తీసుకున్నాయన కొండ మీద ఉండాడు. పొయ్యి ఆయన్నడుగు." "మొక్కింది నువ్వు గదా, నువ్వే పో." "నా కాళ్ళు నీ ఇంట్లో ఎప్పుడో అరిగిపాయె" అంది మా అత్త. మంచం మీద కొడుకు ఊపిరి పీలుస్తూ కనబడుతున్నాడు. ఆ ఊపిరిని కాదనే ధైర్యం ఆ ఇంట్లో ఏ మగాడికీ లేదు.

చివరికి మామే ఒక మధ్యేమార్గం కనిపెట్టాడు. ఏటా ఉగాదికి కన్నడ దేశం నుంచి కావళ్ళు మోసుకుంటూ మల్లయ్య కొండకు నడిచిపోయే గుంపులు మా ఊరి పక్కనుంచే పోతాయి. ఒక గుంపు పెద్దతో ఆయన మాట్లాడాడు. వాళ్ళు ముందు నడుస్తారు, నేను ఒక కేక దూరం వెనక నడుస్తాను. కేక దూరంలో ఉన్నది తోడు కిందికి రాదని మా అత్త చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది. బయలుదేరే పొద్దున ఆమె వంటింట్లోకి పోయి ముడుపు దించింది. ఆ వంటింట్లో పగలైనా చీకటే, ఆమె కళ్ళు అప్పటికే మసక. వేళ్ళతో తడిమి "ఆఁ, అడ్డగీతలే" అని నా చీర కొంగులో తానే ముడివేసి నడుముకు దోపింది. ఎండురొట్టెలు, చెనిక్కాయల పొడి సంచిలో పెట్టింది. గడప దాటేటప్పుడు నా పాదాలకు పసుపు రాసింది. రాస్తూ రాస్తూ ఆ పాదాలను కాస్త ఎక్కువసేపే పట్టుకుంది. మొక్కు కదా, అందుకే అనుకున్నాను.

హంద్రీ ఏటి ఇసుకలో నడక, కర్నూలు దాటాక కాలువ గట్టు మీద నడక, నందికొట్కూరు దాటాక ఎర్రమన్నులో నడక. మొదటి రెండు రోజులు నాకు కోపంగానే ఉండింది. ఆమె మొక్కి నేను నడవడమేమిటని ప్రతి మైలురాయితోనూ చెప్పుకున్నాను. సాయంత్రానికి ఏదో ఒక ఊరు తగిలేది. గుంపు దిగిన సత్రానికి ఒక కేక దూరంలో ఏ తల్లో నాకు అరుగు ఊడ్చి ఇచ్చేది. ఆ తల్లులందరికీ ఈ రోజుకీ నా దండాలు. ఆత్మకూరుకు ఇవతల ఒక పల్లెలో, చేటతో జొన్నలు చెరుగుతున్న నా ఈడు ఆడపిల్ల ఒకతె అడిగింది. "ఎవురి మొక్కక్కా?" "మా అత్తది." "మరి నడిచేది?" "నేను." ఆ పిల్ల చేట ఆపి నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. జాలిపడుతుందనుకున్నాను. "మా అత్త గూడా మొక్కుంటే ఎంత బాగుండు" అని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. అప్పటిదాకా నా కాళ్ళు ఒకరికి కుళ్ళు పుట్టించే వస్తువని నాకు తెలియదు. మరునాటి నుంచి మైలురాళ్ళతో మాట్లాడలేదు.

వెంకటాపురం దాటి అడవిలో పడ్డాం. నాగలూటి మెట్లు, పెద్దచెరువు. ముందర గుంపు పాట వినబడేది, మలుపు తిరిగితే ఆగిపోయేది, మళ్ళీ వినబడేది. వాళ్ళలో ఇద్దరు పొడుగాటి కర్రకాళ్ళు కట్టుకుని నడుస్తూ చెట్ల కొమ్మల మధ్య తలలు పెట్టి నాకేసి చెయ్యి ఊపేవారు. గుంపు పెద్ద తలపాగాలో నెమలీక పెట్టుకున్న ముసలాయన. భ్రమరాంబ తల్లి తమ ఇంటి ఆడబిడ్డ అని, తాము పుట్టింటి చీర తీసుకుపోతున్నామని, కాబట్టి మల్లయ్య తమకు అల్లుడని ఆయన కేకేసి నాకు చెప్పాడు. అల్లుడి మీద కోపమొస్తే గుడి ముందే తిడతారట. నాకు ఆ ధైర్యం చూసి ముచ్చటేసింది.

అడవిలో రెండో రోజు పొద్దెక్కాక భీముని కొలనుకు చేరాం. నిలువుగా చీలిన లోయ, దాని అడుగున బండల మధ్య నీళ్ళు. అక్కడినుంచి అవతలి గట్టు ఎక్కితే కైలాసద్వారం, ఆపైన చదును నేల, గుడి. అంటే ఇంక ఒక్క పూట నడక. గుంపు నీళ్ళు తాగి లేచింది. "బా తంగీ, హొత్తాయ్తు" అని ముసలాయన కేకేశాడు, పొద్దుపోతోంది రమ్మని. నేను లేవబోయాను. కాళ్ళు లేవలేదు. నొప్పి కాదు. ఏదో ఒకటి ఇంకా కాలేదన్నట్టు అనిపించింది. "మీరు పొండి నాయనా. నీళ్ళు పోసుకుని నిదానంగా వస్తా" అన్నాను. ఆయన రెండుసార్లు వెనక్కి చూసి మెట్లెక్కాడు. కాసేపటికి పాట పలచనై ఆగిపోయింది. ఈసారి మళ్ళీ వినబడలేదు.

మొదట భయమేసింది. ఎండుటాకు కదిలితే పులి, కోతి దూకితే పులి. తరవాత్తరవాత ఆ భయం కూడా అలిసిపోయి నా పక్కనే కూర్చుంది. నీళ్ళు బండ మీంచి జారే చప్పుడు, ఇప్పచెట్టు మీంచి పువ్వు రాలే చప్పుడు. పువ్వు రాలితే చప్పుడవుతుందని నాకు అంతకుముందు తెలియదు. రొట్టెముక్క నీళ్ళలో తడిపి నెమ్మదిగా తిన్నాను. తింటుండగా నాకొకటి అర్థమైంది. నన్నెవరూ పిలవడం లేదు. నేనిక్కడ కూర్చున్నానని ఈ లోకంలో ఒక్క మనిషికీ తెలియదు. దేవుడికి తెలుసు, ఆయన కూడా ఏమీ తెమ్మనడం లేదు. జడ విప్పుకున్నాను. అవతలి కొండకేసి నా పేరు నేనే పిలిచాను, పుట్టింటి పేరు. కొండ ఒకసారి తిరిగి పిలిచింది. ఆ పేరు ఇక్కడ రాయను. ఆ లోయకు చెప్పుకున్నాను, అది చాలు.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. మంచం మీద ఆయన గుర్తొచ్చారు, మా నాయన ఇసుక గుర్తొచ్చింది. దూరమైనవాళ్ళందరూ దగ్గరగా అనిపించారు, దగ్గరగా ఉన్నప్పుడు ఎన్నడూ అనిపించనంతగా. ఈ నడక ఇంకొక్క పూటలో అయిపోతుందనే దిగులు మొదలైంది. దేవుడి దగ్గరికి పోవడానికి దిగులేమిటని నన్ను నేనే కసురుకున్నాను. కసురుకుని, నీళ్ళలోకి దిగి మూడు మునకలు వేశాను.

లేచి చూసుకుంటే కొంగులోంచి నల్లటి నీళ్ళు కారుతున్నాయి. ముడుపుకు పట్టిన పొగమసి కరుగుతోంది. ఇంత మురికి మూట స్వామికి ఎలా ఇస్తానని కొంగు విప్పి, ముడి జోలికి పోకుండా పైపైన కడిగాను. మసి పోయింది. ఎర్రదారం కనబడింది. ముడి పైన ఉంది, గీతలు నిలువుగా ఉన్నాయి.

అది మల్లయ్యది కాదు, ఓబులేసుది. చీకట్లో మా అత్త చేతిలో మూట పక్కకు తిరిగి ఉంటుంది. నిలువుగీతలు ఆమె వేళ్ళకు అడ్డంగా తగిలి ఉంటాయి. ఎనిమిది రోజులు నేను ఒక దేవుడి సొమ్ము మోసుకుంటూ ఇంకొక దేవుడి కొండకు నడిచాను. ఉగాది ఎల్లుండి. వెనక్కి పోయి రావడానికి వ్యవధి లేదు. మొక్కు ఉగాది లోపల అని. ఇంట్లో మా ఆయన ఇంకా గోడ పట్టుకునే నడుస్తున్నారు. మొక్కు తప్పిందని ఆ జ్వరం వెనక్కొస్తే? సిగ్గు విడిచి ఒక మాట చెప్పాలి. నేను మూటను పక్కకు తిప్పి చూశాను. గీతలు అడ్డమయ్యాయి. అచ్చం విభూతిరేఖలే. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం స్వామినే మోసం చెయ్యబోయానని చెంపలేసుకుని, బండ మీద కూర్చుని ఏడ్చాను. ఉల్లిగడ్డలు లేకుండా ఏడవడం అదే మొదలు.

"ఏందమ్మీ, కాలిరిగిందా?" అని వినబడి తల ఎత్తాను. చెంచు అవ్వ ఒకతె సొరబుర్ర పట్టుకుని నీళ్ళకొచ్చింది. ఒళ్ళో ఇప్పపూలు. తోడు కూడదన్న మాట గుర్తొచ్చి జంకాను, తరవాత ఆమె నాతో నడవడం లేదు కదా అని సర్దుకుని సంగతంతా చెప్పాను. ఆమె మూటను చేతిలోకి తీసుకోకుండా చుట్టూ తిరిగి చూసింది. "ఇది ఓబులేసుదా?" "ఆఁ అవ్వా." "పొయ్యేది మల్లయ్య కాడికా?" "ఆఁ." ఆమె పళ్ళు లేని నోటితో గట్టిగా నవ్వింది. "పిచ్చిదానా, ఓబులేసు చేసుకుంది మా చెంచుపిల్లనే. మల్లయ్య మనసుపడింది మా చెంచుపిల్లనే. ఇద్దరూ మా అల్లుండ్లే. పెద్దల్లునికి తెచ్చిన పంచె చిన్నల్లుడు కట్టుకుంటే మా గూడెంలో ఎవురూ జగడం ఆడరు. పో, పొయ్యి ఇచ్చిరా. అడిగితే మీ చెంచు అత్త ఇమ్మన్యాదని చెప్పు." "కన్నడమోళ్ళు కూడా ఆయన వాళ్ళ అల్లుడే అంటున్నారవ్వా" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "అనుకోనీలే పాపం, శానా దూరం నుంచి వస్తారు" అంది. పిడికెడు ఇప్పపూలు నా దోసిట్లో పోసి, బుర్ర నింపుకుని బండల మధ్య ఎటు పోయిందో పోయింది.

కైలాసద్వారం మెట్లు అలిసిపోయి కాదు, కావాలనే నెమ్మదిగా ఎక్కాను. ఆగిన ప్రతి చోటా ఇప్పపువ్వు ఒకటి నోట్లో వేసుకున్నాను. పూలు అయిపోయేసరికి మెట్లు అయిపోయాయి.

గుడిలో జనం తోసుకుంటూ ఉన్నారు. ఆ స్వామిని ఎవరైనా తాకవచ్చు. నా వంతు రాగానే లింగానికి నుదురు ఆనించాను. చల్లగా ఉంది. "తండ్రీ, పొరపాటు మాది, అల్లరి నీ అత్తగారిది" అన్నాను. ముడి విప్పాను. అందులో రెండు చిన్న వెండి పాదాలున్నాయి. కాళ్ళ జబ్బు నయమైనవాళ్ళు ఇచ్చేవి నేను చూశాను, ఇవి అలాంటివే. మా ఇంట్లో కాళ్ళ జబ్బు ఎవరికీ లేదే అనుకుంటూ స్వామి దగ్గర పెట్టి వచ్చేశాను. తిరుగు నడకకు మొక్కు లేదు గనుక కన్నడ ఆడవాళ్ళతో కబుర్లాడుకుంటూ ఆత్మకూరు దాకా వచ్చి బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి ఆయన వీధిలో గోడ పట్టుకోకుండా నిలబడి ఉన్నారు. ముందే చెబుతున్నాను, ఆ తరవాత ఆయన నలభై ఏళ్ళకు పైగా చల్లగా బతికారు. మూట మారిందని స్వామి పట్టించుకోలేదన్నమాట.

మా అత్త పెరట్లో చెనిక్కాయలు వొలుస్తోంది. పక్కన కూర్చుని పొరపాటు సంగతి మెల్లగా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె చేతులు ఆగిపోయాయి. "పాదాలు చూస్తివా?" అంది. "చూసినానత్తా. ఎవరివి?" అప్పుడు చెప్పింది. పెద్దకొడుకు, అంటే మా ఆయన, అడ్డం తిరిగి కాన్పు కష్టమైనప్పుడు, బిడ్డ దక్కితే నీ కొండకు ఒంటిగా నడిచొస్తానని ఓబులేసుకు మొక్కుకుందట. బాలింతవు వద్దన్నారు ఆ ఏడు. పాలు తాగే బిడ్డ ఉన్నాడన్నారు మరుసటేడు. తరవాత విత్తనాలు, తరవాత కోతలు, ఎవరిదో పెళ్ళి, ఎవరిదో చావు. మామ బండి కట్టిస్తానన్నాడు. "బండ్లో పొయ్యేదానికి మొక్కెందుకే? నాకు నడవాలని ఉండె" అంది. ఇరవై ఏళ్ళు దాటాక కళ్ళు పోవడం మొదలైంది. "ఒంటిగా అని నన్నెందుకు మొక్కినావత్తా? ఊరికే నడిచొస్తుందంటే సరిపోయేది కదా" అని అడిగాను. ఆమె మళ్ళీ కాయ అందుకుంది. "నాకొచ్చిన మొక్కు అదొగటేనే" అంది.

మిగిలిన మల్లయ్య మూట ఓబులేసుకు చేర్చాలని చెంచు అవ్వ న్యాయం ప్రకారం ఇద్దరం ఒప్పుకున్నాం. "వచ్చేయేడు మనిద్దరం నడిచిపోదాంలే" అంది. ఇంకో కాయ వొలిచి "ఇద్దరమైతే ఒంటిగా ఎట్లైతాది?" అంది. ఇద్దరం పడీపడీ నవ్వితే మామ వచ్చి ఏమైందోనని చూసి పోయాడు.

ఆ నాటి నుంచి ఇంట్లో ఎవరూ దగ్గర లేని వేళ చూసి ఆమె నన్ను అడిగేది. "ఏమ్మే, ఆ పొద్దు చెప్పు." నేను చెప్పేదాన్ని, హంద్రీ ఇసుక నుంచి మొదలుపెట్టి. ఆమె వినేది కాదు, నడిచేది. కాలువ గట్టు దగ్గర ఊరికే కాళ్ళు కదిలించేది. భీముని కొలను రాగానే చెయ్యి పట్టుకుని ఆపేది. "ఎవరూ లేరా?" "లేరత్తా." "ఒగ మనిషి గూడా?" "చెంచు అవ్వ వస్తుంది కదా, కాసేపటికి." "ఆ ముసల్దాన్ని తీసెయ్. నాకు ఎవరూ లేని పొద్దు కావాల." నేను అవ్వను తీసేసి చెప్పేదాన్ని. పూలు రాలుతున్నాయి అనేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని "ఊఁ" అనేది. ఎవరో ఒకరు "అమ్మా, మజ్జిగ!" అని పిలిచేదాకా ఆ కొలను దగ్గర ఇద్దరం కూర్చుని ఉండేవాళ్ళం, ఎవరికి వాళ్ళం ఒంటరిగా.

మరుసటేడు దూలం మీద మూట కనబడలేదు. అడిగితే "ఓబులం పొయ్యేవాళ్ళు దొరికిరి, పంపిస్తి" అంది. నేను నమ్మాను. తరవాత ఆయనకు కడపలో పని దొరికి మేమిటు వచ్చేశాం. ఆమెకు చూపు పూర్తిగా పోయింది. నేను ఊరికి పోయినప్పుడల్లా, కాళ్ళకు దండం పెట్టి లేవకముందే, ఆ పొద్దు చెప్పమనేది. ఒకసారి పోయేసరికి అడగడానికి ఆమె లేదు.

ఇప్పుడు నా ఒళ్ళో ఆ మూట. మట్టి మెత్తింది ఎవరో అంటుంది మా మరిది కోడలు. గుడ్డకు అతుక్కున్న ఒక పెళ్ళ మీద వేళ్ళ గాట్లు తగులుతున్నాయి, పొట్టి వేళ్ళవి. మసక కళ్ళతో గోడ తడుముకుంటూ, ఇల్లంతా చేలకు పోయిన వేళ చూసి, ఆమె దాన్ని అక్కడ పెట్టి కప్పేసి ఉంటుంది. ఎవరో పుణ్యాత్ములతో పంపించేస్తే మొక్కు తీరిపోతుంది. తీరిపోతే ఆమెకు నడవడానికి ఇంక ఏ దారీ మిగలదు. కళ్ళు లేవు, కాళ్ళు లేవు. ఆ మూట ఉన్నంతకాలం మాత్రం ఒక నడక ఆమె పేరు మీద మిగిలే ఉంటుంది. "ఏ దేవునిదో చెప్పు పెద్దత్తా, కార్లో పొయ్యేది ఎంతసేపు?" అని ఆ పిల్ల మళ్ళీ అడిగింది. "ఉండనీ తల్లీ. ఇది కార్లో పొయ్యేది కాదు" అన్నాను. నా మంచం పక్కన మేకుకు తగిలించాను, ముడి పైకి వచ్చేలా.

నా మోకాళ్ళు ఇప్పుడు వీధి చివరిదాకా కూడా ఒప్పుకోవు. ఆ ఎనిమిది రోజుల్ని తలుచుకుంటే, ఇన్నేళ్ళ బతుకూ ఒక ఎత్తు, ఆ కొలను దగ్గరి ఒక్క పూటా ఒక ఎత్తు అనిపిస్తుంది. ఆ పూట నాకిచ్చింది నా మొగుడు కాదు, తండ్రి కాదు. అడగకుండా నా కాళ్ళు మొక్కేసిన మా అత్త. తనకు దొరకనిది నాకు దొరికేలా చేసి, దాన్ని మళ్ళీ నా నోటి నుంచి కాస్త కాస్త అడిగి తీసుకుంది. గడిచిపోయిన కాలం వెనక్కి రాదంటారు గానీ, ఆమె విషయంలో నాకు అలా అనిపించదు. ఆ కాలం ఇంకా బయలుదేరనే లేదు, గడప దగ్గర పాదాలకు పసుపు రాసుకుని నిలబడి ఉంది.

చదువుతున్న తల్లులారా, తండ్రులారా, మీలో ఎవరైనా ఎప్పుడైనా ఆ అడవి దారిన మల్లయ్య కొండకు నడిచిపోతే, భీముని కొలను దగ్గర మీ జతవాళ్ళను ముందుకు పంపించి కాసేపు ఒక్కరే కూర్చోండి. పువ్వు రాలే చప్పుడు వినబడినప్పుడు మా అత్తను తలుచుకోండి. పేరు అక్కర్లేదు. నడవాలని ఉండిన ఒక మనిషి అని తలుచుకుంటే చాలు.